అంచు దాటితే ఎత్తం

మా బావకి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటుంది. దాన్ని వాడేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. అందరికీ ఆయన అంచు బావ. మా అక్క మొగుడు కాబట్టి నిజానికి ఆయన బావ అయ్యేది నా ఒక్కదానికే. అయినా తాపీ మేస్త్రీలు, పెయింటర్లు, ఇళ్ళు కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు అందరూ అలాగే పిలుస్తారు. ఆయనా పలుకుతాడు.

ఆయన పని చెత్త వేసుకునే ఇనుప తొట్లు అద్దెకివ్వడం. మీరు వంటగది గోడ కొట్టిస్తున్నారనుకోండి, అటక మీద సామానంతా వదిలించుకోవాలనుకోండి, ఫోన్ చేస్తే లారీ వస్తుంది. లారీ వెనకాల రెండు ఇనుప చేతులు, వాటికి గొలుసులు. గుమ్మం ముందు పెద్ద తొట్టి ఒకటి దించి పోతుంది. మీరు నింపాక మళ్ళీ వచ్చి ఎత్తుకుపోతుంది. ఇందులో ఏముంది పెద్ద, అనుకుంటున్నారు కదా? నేనూ అలాగే అనుకున్నాను, మా అక్క ఆస్పత్రిలో చేరి ఆఫీసు ఫోను నా చేతికొచ్చేదాకా.

ఫోను ఎప్పుడూ మా అక్కదే. ఆవిడ గొంతు విని తొట్టి తీసుకున్నవాళ్ళు బోలెడుమంది. "బరువైనవి కింద వేయండి, తేలికవి పైన. బీరువా అయితే నిలబెట్టకండి, విప్పి పలకలుగా పరవండి. పెయింటు డబ్బాలు, బ్యాటరీలు, గ్యాసు సిలిండర్లు, ట్యూబులైట్లు మాత్రం వద్దండీ. తొట్టి కింద చెక్కలు వేస్తాం, లేకపోతే మీ గచ్చు పగులుతుంది. రోడ్డు మీదైతే మునిసిపాలిటీలో ముందే అడగాలి. చీకటి పడ్డాక టార్పాలిన్ పట్టా కప్పండి. తొక్కి సర్దడానికని లోపలికి మాత్రం దిగకండి, మేకులుంటాయి." ఇదంతా చిలక్కి చెప్పినట్టు చెప్పి, ఆఖర్న తప్పకుండా ఒక మాట అనేది. "అంచు దాటితే ఎత్తమండీ."

అదీ సంగతి. సామాను తొట్టి అంచుకి సమానంగా ఉండాలి. అంచు మీద ఒక్క పుల్ల తలెత్తి చూసినా సరే, బావ లారీ గొలుసులు కిందికి దిగవు. "కొంచెమే కదండీ" అంటారు జనం. "తీసేయండి" అంటాడు బావ. "తాడేసి గట్టిగా కడతాను లెండి." "తీసేయండి." "ఏమిటండీ ఈ పట్టుదల, పక్క తొట్లవాళ్ళు ఎత్తుతున్నారు కదా?" "అయితే పక్కవాళ్ళని పిలుచుకోండి." అంతే. ఎందుకని ఎవరడిగినా అంతకుమించి ఒక్క ముక్క చెప్పడు. ఎత్తే ముందు ఇంకో తంతు కూడా ఉంది. లారీకీ జనానికీ మధ్య తను నిలబడి, రెండు చేతులూ బార్లా చాపి, అందరినీ వెనక్కి నెట్టుకుంటూ పోతాడు. కోళ్ళని గూట్లోకి తోలుతున్నాడా అనిపిస్తుంది చూసేవాళ్ళకి. పిల్లలు నవ్వుతారు.

ఎందుకో నాకు తెలుసు. లారీ కొన్న కొత్తలో ఉన్నది ఒక్కటే తొట్టి, మనుషులు ఇద్దరే, బావా అక్కా. బావ లారీ నడిపేవాడు, అక్క కింద నిలబడి వెనక్కి, ఇంకాస్త వెనక్కి, చాలు అని చేత్తో సైగ చేసేది. ఒక పాత ఇల్లు ఖాళీ చేస్తున్నాయన "ఇంకొక్కటి, ఇదొక్కటి" అంటూ అంచు మీద ఎత్తుగా పేర్పించాడు. బావకి మొహమాటం. సరేనన్నాడు. తొట్టి గాల్లోకి లేచి కాస్త పక్కకి ఒరిగింది, పైనున్న తలుపు చట్రం జారి తిన్నగా అక్క మోకాలి మీద పడింది. ఎముక అతుక్కుంది గానీ కాలు మునుపటి కాలు కాలేదు. అక్క ఆ రోజు గురించి ఒక్కనాడూ దెప్పలేదు. దెప్పి ఉంటే బావకి కొంచెం తేలికయ్యేదేమోనని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఆయన మాత్రం ఆ రోజు నుంచీ అంచుని పట్టుకున్నాడు.

ఇంత గట్టి మనిషికీ ఒక బలహీనత ఉంది. ఊరందరి చెత్తా పారబోసే ఆయన తన ఇంట్లోంచి చీపురుపుల్ల కూడా బయటికి పోనివ్వడు. పైపెచ్చు జనం తొట్లలో వేసినవి ఏరుకొస్తాడు. "పాపం, బాగానే ఉంది, పనికొస్తుంది" అంటాడు. కాలు విరిగిన కుర్చీలు, రెక్క పోయిన ఫ్యాన్లు, ఎక్కడా అమరని కిటికీ తలుపులు, ఆగిపోయిన గోడ గడియారాలు, ఒక క్షవరం కుర్చీ కూడా. అన్నీ కింది గదిలో చేరాయి. ఆ గది తలుపు పూర్తిగా తెరుచుకోవడం మానేసి చాలా కాలమైంది. పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి దూరాలి. నేను దూరడం ఎప్పుడో మానేశాను, నా ఒళ్ళు నాకు తెలుసు కదా.

ఇంతలో అక్క మోకాలు చేతులెత్తేసింది. మార్చక తప్పదన్నారు. ఆపరేషన్ చేసే డాక్టరమ్మ ముందే రెండు షరతులు పెట్టింది. మెట్లెక్కకూడదు. తక్కువ ఎత్తు వాటి మీద కూర్చోకూడదు, కూర్చుంటే మోకాలు తుంటి కంటే పైకి లేవకూడదు. వాళ్ళ పడకగది మేడ మీద. కింద ఉన్నవి వంటిల్లు, ఆఫీసు పెట్టుకున్న ముందు గది, ఇంకా బావ ఖజానా. ఆస్పత్రికి బయల్దేరే ముందు అక్క గుమ్మంలో నిలబడి, నా ఎదుటే, చాలా మామూలుగా చెప్పింది.

"ఆ గది ఖాళీ అయితే ఇంటికొస్తాను. లేదంటే చెల్లి ఇంటికి పోతాను. అక్కడ మెట్లూ లేవు, మీ సామానూ లేదు."

"ఖాళీ చేసేస్తానన్నాను కదా" అన్నాడు బావ.

"మీరు అనడం నాకు కొత్త కాదు."

అక్క కోపంగా అని ఉంటే బావ భయపడేవాడు కాదు. నవ్వుతూ అంది, అందుకే భయపడ్డాడు. పెళ్ళైనప్పటి నుంచీ ఆవిడ లేకుండా ఆ ఇంట్లో ఉన్నది లేదు ఆయన. పైగా మా ఇంటికొచ్చి కాలు బాగయ్యాక మళ్ళీ ఆ ఇరుకులోకి ఎందుకు వెళ్తుంది? ఆయన ఈ మాట పైకి అనలేదు గానీ, రోజూ ఆస్పత్రి నుంచి వచ్చాక గది ముందు నిలబడి బిక్కమొహం వేసేవాడు.

నిలబడటమే గానీ చెయ్యి వేయడం లేదు. అక్కని ఇంటికి పంపడానికి ఒక్క రోజే ఉందనగా నేను వెళ్ళి చూస్తే, ఆఫీసు బల్ల దగ్గర కూర్చుని గోడ గడియారానికి నూనె వేస్తున్నాడు.

"ఏం బావా, గది సంగతి?"

"మొదలుపెట్టాను కదా మరదలా. ముందు ఇది బాగుచేస్తే ఒకటి తగ్గుతుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పళంగా అరిచి ఉంటే ఆయన బుజ్జగించి టీ పెట్టించేవాడు, ఆ సంగతి నాకు తెలుసు. ఆఫీసు ఫోను ఆయన ముందు పెట్టేసి వీధిలోకొచ్చాను. పక్కింటి గోడ పక్కన నిలబడి, నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, నా ఫోన్లోంచి ఆ నంబరుకే కొట్టాను. ఆఫీసుది తెర పోయిన పాత సెల్‌ఫోను, ఎవరు చేస్తున్నారో చూపించదు.

"నమస్కారమండీ, తొట్టి కావాలా?" అన్నాడు బావ, వ్యాపారం గొంతుతో.

"అవునండీ. ఒక గది ఖాళీ చేయాలి. గడప దగ్గర్నుంచి పైకప్పు దాకా సామానే."

"అయితే పెద్ద తొట్టి తీసుకోండి. చిన్నది తీసుకుని కూరకూడదు."

"మా ఇంటాయన దేన్నీ పారేయనివ్వడండీ. ప్రతిదీ పనికొస్తుందంటాడు."

"ఇలాంటివాళ్ళు ప్రతి ఇంట్లో ఒకళ్ళుంటారమ్మా. ఒక పని చేయండి, ఆయన్ని బజారుకి పంపేసి కానిచ్చేయండి" అని సలహా కూడా ఇచ్చాడు మహానుభావుడు. "అడ్రసు చెప్పండి."

చెప్పాను. రాసుకుంటున్నట్టున్నాడు, సగంలో ఆగిపోయాడు. తర్వాత కిటికీలోంచి తల బయటపెట్టి నన్ను చూశాడు.

"పెద్ద తొట్లన్నీ పనుల మీద ఉన్నాయి మరదలా" అన్నాడు నీరసంగా. "చిన్నదే ఉంది."

"సరే, తెప్పించు."

ఇప్పుడు లారీ నడిపే డ్రైవరు చిన్న తొట్టి పట్టుకొచ్చాడు. ఈ డ్రైవరుది ఒకటే మాట, చూద్దాం. వర్షం వచ్చేలా ఉందంటే చూద్దాం, టీ తాగుతావా అంటే చూద్దాం. తొట్టి ఎక్కడ దించాలని అడిగితే బావ గేటు దగ్గరే చూపించాడు. ఊరందరికీ దారి వదలండి, గేటుకి అడ్డం పెట్టకండి అని చెప్పే మనిషి, మన ఇల్లే కదా, లోపలికి మోసే దూరం తగ్గుతుంది అంటూ సరిగ్గా గేటుకి అడ్డంగా పెట్టించాడు. పక్కనుంచి సన్నగా ఒక మనిషి పోయే సందు మిగిలింది. డ్రైవరు ఒకసారి గేటు వైపు, ఒకసారి బావ వైపు చూసి, చూద్దాం అనుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమంతా తల ప్రాణం తోకకొచ్చింది నాకు. నేను ఒకటి బయటికి తెస్తే ఆయన రెండు లోపలికి తీసుకెళ్ళేవాడు. "ఇది ఎవరిదో తెలుసా? కొత్తగా కాపురం పెట్టిన జంటది, పాపం..." అంటూ ప్రతిదానికీ ఒక కథ. జనం కూర్చునే, చేతులున్న పొడవాటి బల్ల ఒకదాని దగ్గర పెద్ద గొడవే అయింది. మూసేసిన మందుల షాపుది. మామూలు బల్ల కంటే బాగా ఎత్తు. నా చీర కొంగు రెండుసార్లు పట్టుకుంది దాని మేకు.

"ఇది మాత్రం ఉంచు, పనికొస్తుంది."

"దేనికి?"

బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఏమో. ఎత్తుగా ఉంది కదా."

"బావా, అక్క కావాలా, బల్ల కావాలా?"

ఆ మాట అని ఉండకూడదేమో. ఆయన అప్పటినుంచి కథలు చెప్పడం మానేసి, ఒక్కొక్కటీ తీసి తొట్టిలో పడేస్తూ పోయాడు. చీకటి పడేవేళకి తొట్టి అంచుకి జానెడు కింద దాకా వచ్చింది. గదిలో క్షవరం కుర్చీ, ఆ బల్ల, కొన్ని కిటికీ చట్రాలు మిగిలాయి. ఆ జానెడులో సర్దితే రేపు పొద్దున్నే పట్టేస్తాయన్నాడు. పట్టా కప్పమన్నాను. "మన తొట్టిలో ఎవడు వేస్తాడు?" అన్నాడు.

ఎవడు వేస్తాడో పొద్దున్నే తెలిసింది. వీధి వీధంతా ఎన్నాళ్ళనుంచో ఈ తొట్టి కోసమే కాచుకు కూర్చుంది కాబోలు. ఒక పరుపు, పగిలిన కుండీలు, మడత మంచం, చక్రం లేని సైకిలు, ఎవరిదో వాష్ బేసిన్. అన్నీ ఆ జానెడు జాగాలో హాయిగా సర్దుకుని పడుకున్నాయి. మా వాళ్ళు కాదండీ, రాత్రికి రాత్రి పక్కవాళ్ళు వేశారండీ అని ఏడ్చే జనానికి బావ ఏం చెప్పేవాడో తెలుసా? తొట్టి మీ గుమ్మంలో ఉంది, అందులో ఉన్నదంతా మీదే అనేవాడు. ఆ మాట గుర్తుచేయబోయి ఆయన మొహం చూసి ఊరుకున్నాను.

అక్కని తీసుకురావడానికి మా ఆయన అప్పటికే కారేసుకుని ఆస్పత్రికి వెళ్ళాడు. టైము లేదు. బావా నేనూ మిగిలినవన్నీ మోసుకొచ్చి ఆ పరుపు మీదే పేర్చాం. కిటికీ చట్రాలు అంచు దాటి వీధి వైపుకి పొడుచుకొచ్చాయి. అన్నిటికీ పైన బల్ల. గది ఖాళీ అయింది, ఊడ్చాను కూడా. ఇక ఈ తొట్టి గేటు ముందు నుంచి లేస్తే చాలు, వాకరు పట్టుకుని అక్క తిన్నగా లోపలికి రావచ్చు.

డ్రైవరు లారీ వెనక్కి పెట్టి దిగాడు. తొట్టి చుట్టూ తిరిగాడు.

"ఏం, ఎత్తు" అన్నాడు బావ.

"కుదరదన్నా."

డ్రైవరు నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి.

"కుదరకపోవడమేంటి? ఓనర్ని చెప్తున్నా."

"ఓనర్ చెప్పినా అంచు దాటితే ఎత్తొద్దని ఓనరే చెప్పాడన్నా, పనిలో పెట్టుకున్న రోజున."

బావ బతిమాలాడు. కసిరాడు. డ్రైవరు చేతులు కట్టుకుని లారీకి ఆనుకున్నాడు. ఆ కంగారులో బావ ఏం చేశాడంటే, ఇప్పటికీ తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు, తొట్టి పక్కనున్న కొక్కెం మీద కాలేసి పైకెక్కి, పరుపు చివర నిలబడి దబదబా తొక్కడం మొదలుపెట్టాడు. తొక్కితే దిగుతుందనుకున్నాడు. పరుపు దిగేది, మళ్ళీ లేచేది. దాంతోపాటు బావా. బల్ల ఒక పక్కకి ఒరిగింది, చట్రాలు టకటకా ఊగాయి.

సరిగ్గా అప్పుడే కారొచ్చి వీధిలో ఆగింది. అద్దం కిందికి దిగింది.

"సార్" అంది అక్క, ఫోన్లో మాట్లాడే గొంతుతోనే. "తొట్టిలోకి దిగకూడదండీ. మేకులుంటాయి."

డ్రైవరు ఫక్కున నవ్వాడు. నేనూ నవ్వాను. బావ నవ్వలేదు. కారు ఆగింది ఆ కిటికీ చట్రాలు పొడుచుకొచ్చిన వైపే. ఆయన చట్రాల వంక చూశాడు, కట్టు కట్టిన అక్క కాలు వంక చూశాడు. "కారు వెనక్కి తియ్యి! వెనక్కి!" అని కేకపెట్టాడు మా ఆయన మీద. కారు వెనక్కి పోయేదాకా ఆ చట్రాల్ని రెండు చేతులా పొదివి పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. తర్వాత డ్రైవరు చెయ్యిస్తే నెమ్మదిగా దిగి, కారు దగ్గరికెళ్ళాడు.

"గది ఖాళీ చేశాను" అన్నాడు. "నిజంగా. కానీ మళ్ళీ అదే పని చేయబోయాను."

"చేయలేదుగా" అంది అక్క. "ముందు నన్ను దింపండి. ఈ సీటు కిందికుంది, మోకాలు గుంజేస్తోంది. ఎక్కడన్నా ఎత్తుగా కూర్చోవాలి నేను."

దింపాం. వాకరు పట్టుకుని నిలబడింది గానీ ఎంతసేపని నిలబడుతుంది? ఆఫీసు కుర్చీలు పొట్టివి. అయినా గేటు దాటితే కదా. నేను అటూ ఇటూ చూస్తుంటే బావ మాత్రం తొట్టి పైకే చూస్తున్నాడు. డ్రైవరూ ఆయనా కలిసి బల్ల దింపి, వీధికి అవతలి పక్క నీడలో వేశారు. నా కొంగు చింపిన మేకుని బావ రాయి పెట్టి కొట్టి లోపలికి దింపేశాడు. అక్క చేతుల మీద బరువు ఆన్చి కూర్చుంది. మోకాలు ఎక్కడుండాలో అక్కడే ఉంది. కొలిచి చేయించినా అంత అమరదు.

"అమ్మయ్య" అంది. బల్ల చెక్కని చేత్తో తడిమింది. "ఎన్నాళ్ళకి పనికొచ్చిందండీ మీ సామాను!"

బావ నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

అక్క అక్కడ కూర్చునే మిగతా పని నడిపించింది. ఆ వీధిలో ఎవరి డాబా మీద ఏం ఆరుతుందో ఆవిడకి తెలియంది లేదు. "మాస్టారూ, మీ పరుపు ఇక్కడికొచ్చేసిందండీ!" అని గట్టిగా పిలిచింది. ఎదురింటి మాస్టారు కిటికీలోంచే, మాది కాదమ్మా అన్నాడు. "అయితే దీని మీద మీ మనవడు సిరాతో గీసిన ఏనుగు ఎవరిదండీ?" మాస్టారు మారుమాట్లాడకుండా వచ్చి పరుపు భుజాన వేసుకుపోయాడు. తర్వాత మడత మంచం తాలూకు ఆవిడ, కుండీల తాలూకు ఆయన, ఒక్కొక్కరే తల దించుకుని వచ్చి ఎవరివి వాళ్ళు పట్టుకెళ్ళారు. వాష్ బేసిన్‌కి మాత్రం ఎవరూ రాలేదు, అదీ సైకిలూ మా ఖాతాలోనే పోయాయి. క్షవరం కుర్చీని బావ తనే విప్పి ముక్కలుగా పరిచాడు, చట్రాల్ని పడుకోబెట్టాడు. డ్రైవరు ఒక పొడవాటి కర్ర తెచ్చి అంచు మీద ఈ చివర నుంచి ఆ చివరకి జరిపాడు. ఎక్కడా తగల్లేదు.

"చూద్దాం" అన్నాడు, గొలుసులు తగిలిస్తూ.

బావ వీధి దాటి వచ్చి అక్క బల్ల ముందు నిలబడ్డాడు. రెండు చేతులూ బార్లా చాపాడు. లారీ చేతులు లేచాయి, తొట్టి గాల్లోకి లేచింది, కొంచెం ఊగింది, కుదురుకుంది. ఒక్క పుల్ల రాలలేదు. పట్టా కప్పుకుని లారీ కదిలింది.

అప్పుడు నా చేతిలో ఆఫీసు ఫోను మోగింది. అక్క చెయ్యి చాపింది, ఇచ్చాను. బరువైనవి కింద, తేలికవి పైన, మొదలుపెట్టింది మామూలుగా. చివర్న అంచు దాటితే ఎత్తమండీ అంది. కొంచెం దాటితే ఏమవుతుందండీ అని అవతలాయన అడగడం నాకూ వినిపించింది. ఇన్నేళ్ళూ ఆ ప్రశ్నకి మా అక్క, మా వారు ఒప్పుకోరండీ అని తప్పించుకునేది. ఎందుకొప్పుకోరంటే, ఆయన్నే అడగండి అనేది. ఈసారి ముందు నిలబడ్డ మనిషి వీపు వంక చూస్తూ చెప్పింది.

"మా ఆయనకి నేనంటే ప్రాణమండీ. అందుకని."

అవతలాయనకి ఏం అర్థమైందో ఏమో, సరేనమ్మా, అంచు కిందికే నింపుతాం అన్నాడు. అక్క ఫోను నాకిచ్చేసింది. లారీ మలుపు తిరిగి ఎప్పుడో కనపడకుండా పోయింది. గేటు బార్లా తెరిచి ఉంది, లోపల ఊడ్చిన గది కనిపిస్తోంది. బావ ఇంకా మాకు వీపు పెట్టి, ఖాళీ వీధిలో చేతులు చాపుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

"ఇక చేతులు దించండి" అంది అక్క. "నన్ను లోపలికి తీసుకెళ్ళండి."